ఒక ఊళ్లో ఎంత లోకం?

(హనుమకొండలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



మాకు స్టాటిస్టిక్స్ చెప్పిన సారు బోర్డు మీద ఏ అంకె వేసినా దాని పక్కనే ఒక ప్రశ్న వేసేవారు: ఎవరిని ఏం అడిగితే ఈ అంకె వచ్చింది? ఆయన స్మృతిలో మాట్లాడమన్నప్పుడు, ఆ ప్రశ్నకు బాగా పని కల్పించే విషయం ఒకటి ఎంచుకున్నాను. అమెరికా నగరాల్లో ఏ ఊళ్లో ఎన్ని దేశాల మనుషులున్నారు, ఏ ఊరు ఏ ఊరికన్నా ఎక్కువ అంతర్జాతీయమైనది, ఆ మాట ఎట్లా తేల్చాలి? ఇది వరంగల్‌కు దూరపు ముచ్చట కాదు. పిల్లలు చదువుకో ఉద్యోగానికో అమెరికా పోయిన ఇళ్లు మన హనుమకొండ కాలనీల్లో వాడవాడకూ ఉన్నాయి. ఆ ఇళ్లలో డాలస్, అట్లాంటా, న్యూజెర్సీ అనే పేర్లు జనగామ, మహబూబాబాద్ అన్నంత సులువుగా వినబడతాయి. ఊరు ఎంచుకునేటప్పుడు తల్లిదండ్రులు మొదట అడిగేది "అక్కడ మనోళ్లు ఉన్నరా?" అని. న్యాయమైన మాటే. దాని పక్కన ఇంకో మాట పెట్టాలని నా కోరిక: అక్కడ మనోళ్లు కానివాళ్లు ఎన్ని తీర్ల వాళ్లున్నారు, వాళ్లతో మన పిల్లలకు పరిచయం ఎంత?

ముందుగా అందరూ వాడే కొలత. అమెరికా జనగణనలో పదేళ్లకోసారి నింపే పత్రం ఇప్పుడు పుట్టిన దేశం గురించి అడగదు. ఆ ప్రశ్న, ఏటా లక్షలాది చిరునామాలను ఎంచుకుని చేసే అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో ఉంటుంది. పుట్టుకతో అమెరికా పౌరులు కానివారందరినీ అందులో 'విదేశాల్లో పుట్టినవారు' అనే ఖాతాలో వేస్తారు. ముప్పై ఏళ్ల కింద పౌరసత్వం తీసుకున్న డాక్టరుగారు ఆ ఖాతాలో ఉంటారు. నిరుడు ఎమ్మెస్‌కు పోయిన పిల్లవాడూ, కాగితాలు లేకుండా ఇళ్ల కప్పులు వేసే కూలీ కూడా ఉంటారు. అక్కడే పుట్టిన మన మనుమరాలు మాత్రం ఉండదు. ఇంట్లో పొద్దస్తమానం తెలుగే వినబడినా, ఆ లెక్కకు ఆమె స్థానికురాలే.

ఈ కొలతతో దేశం మొత్తాన్ని చూస్తే, విదేశాల్లో పుట్టినవారు 1910లో 14.7 శాతం. 1924 చట్టం దేశాలవారీగా కోటాలు పెట్టి తలుపులు దాదాపు మూసేసింది. 1970 నాటికి ఆ వాటా 4.7 శాతానికి పడిపోయింది. 1965లో వచ్చిన చట్టం ఆ పాత కోటాలను తీసేయడంతో ఆసియా వాళ్లకు దారి తెరుచుకుంది. ఇప్పుడు మళ్లీ 1910 నాటి స్థాయి దగ్గరికి వచ్చింది. నగరాలకు వస్తే తేడాలు చాలా పెద్దవి. మయామీలో సగానికి మించి, నూటికి 58 మంది దాకా, బయట పుట్టినవాళ్లే. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్‌లలో మూడో వంతుకు పైగా. హ్యూస్టన్‌లో 29 శాతం దరిదాపుల్లో. షికాగోలో ఐదో వంతు. డెట్రాయిట్‌లో నూటికి ఆరుగురు. ఇక మయామీ పక్కనే ఉన్న హయలియాలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విదేశాల్లో పుట్టినవాళ్లు.

కాబట్టి హయలియా అమెరికాలోకెల్లా అంతర్జాతీయ నగరమా? సారు ఇక్కడ ఆగి మన ముఖాలు చూసేవారు. హయలియాకు వచ్చినవాళ్లలో అత్యధికులు క్యూబా వాళ్లు. 1959 విప్లవం తర్వాత అలలు అలలుగా వచ్చారు. అక్కడ నూటికి తొంభై ఇళ్లకు పైగా మాట్లాడేది స్పానిష్. వచ్చినవాళ్ల సంఖ్య పెద్దదే, వాళ్లు వచ్చిన చోట్లు మాత్రం తక్కువ. భివండిలో పద్మనగర్‌కు పోయి చూసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. మన జిల్లాల నుంచి మగ్గం పట్టుకుని పోయిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ ఒక పేటనే తెలుగు చేసేశాయి. షోలాపూర్‌లో, సూరత్‌లో కూడా ఇదే కథ. ఆ పేటలో 'బయటివాళ్లు' బాగా ఉన్నారన్నది నిజం. ఆ పేటలో వైవిధ్యం ఉందా అన్నది వేరే ప్రశ్న.

ఆ రెండో ప్రశ్నకు గణితం ఒక తేలికైన దారి చూపింది. ఊళ్లో కళ్లు మూసుకుని ఒకరిని ఎంచుకోండి. మళ్లీ ఊరందరిలోంచీ అట్లాగే ఒకరిని ఎంచుకోండి, మొదటివారే రెండోసారి వచ్చినా సరే. ఇద్దరూ వేర్వేరు దేశాల వాళ్లు అయ్యే అవకాశం ఎంత? పది మందిలో తొమ్మిది మంది ఒకే దేశం వాళ్లు, ఒకరు ఇంకో దేశం అయితే ఆ అవకాశం 0.18. సగం సగమైతే 0.50. పది మందీ పది దేశాల వాళ్లయితే 0.90. పర్యావరణ శాస్త్రంలో 1949లో సింప్సన్ ఈ తీరు కొలతనే ప్రతిపాదించాడు. భాషల విషయంలో 1956లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ వాడాడు. అమెరికా జనగణన శాఖ జాతుల గురించి చెప్పే వైవిధ్య సూచిక కూడా ఇదే. 2020లో దేశం మొత్తానికి అది 61.1 శాతం.

బయట పుట్టినవాళ్ల వరకే ఈ కొలత పెట్టగానే హయలియా కిందికి దిగుతుంది, న్యూయార్క్ పైకి లేస్తుంది. న్యూయార్క్‌కు వచ్చిన ముప్పై లక్షల మందిలో ఏ ఒక్క దేశమూ ఐదో వంతు దాటదు. డొమినికన్ రిపబ్లిక్, చైనా, జమైకా, గయానా, ఈక్వడార్, బంగ్లాదేశ్, ఇట్లా వరుస సాగిపోతుంది. లాస్ ఏంజెలెస్‌కూ న్యూయార్క్‌కూ విదేశీయుల శాతం దాదాపు సమానమే అయినా, లాస్ ఏంజెలెస్‌లో మెక్సికో ఒక్కటే పెద్ద ముక్క. పైపైన కవల పిల్లల్లా కనబడే రెండు అంకెల వెనక రెండు వేరు ఊళ్లున్నాయి.

ఈ కొలతను మన తెలుగువాడొకరు ఇంకో మెట్టు ఎక్కించారు. ఆ పని గురించి నేను కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మన డిగ్రీ పుస్తకాల్లో క్రామర్-రావు అసమానత, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం దగ్గరే ఆయన పేరు ఆగిపోతుంది. కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు 1920లో హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. గణితంలో ఎమ్మే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేశారు. తర్వాత కలకత్తా చేరి, మహలనోబిస్ దగ్గర ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో దశాబ్దాలు పనిచేశారు. 1979లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి, 1988లో పెన్ స్టేట్‌కు వెళ్లారు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకుని, అదే ఏడు ఆగస్టు 22న 102 ఏళ్ల వయసులో అమెరికాలోనే కన్నుమూశారు. ఆయన స్వయంగా ఒక వలస జీవి. పిట్స్‌బర్గ్‌లో ఉన్న రోజుల్లోనే, 1982లో, వైవిధ్యాన్ని కొలిచే పద్ధతి మీద ఒక పత్రం ప్రచురించారు.

అందులో ఆయన పట్టుకున్నది ఇది. పాత కొలతలో ఇద్దరు మనుషులు 'ఒకటే' లేదా 'వేరు', అంతే. వేరు అయితే ఎంత వేరు అన్నది దానికి పట్టదు. ఐదుగురు వరంగల్ వాళ్లు, ఐదుగురు కరీంనగర్ వాళ్లు ఉన్న హాస్టల్‌కూ, ఐదుగురు వరంగల్ వాళ్లు, ఐదుగురు నైజీరియా లాగోస్ వాళ్లు ఉన్న హాస్టల్‌కూ పాత కొలత 0.50 అనే చెబుతుంది. రావుగారు ప్రతి జంటకూ ఒక దూరం ఇమ్మన్నారు. వరంగల్-కరీంనగర్ మధ్య దూరం పదో వంతు అనుకుంటే మొదటి హాస్టల్ 0.05కు దిగిపోతుంది. లాగోస్ దూరం ఒకటి అనుకుంటే రెండోది 0.50 దగ్గరే నిలుస్తుంది. లెక్కలో అదనంగా వచ్చింది ఒక్క గుణకారం. దానితో ప్రశ్న 'ఎన్ని రకాలు' నుంచి 'ఎంత వేరైన మనుషులు ఎదురుపడతారు' అనే దాకా వచ్చింది. ఈ రోజు అడవిలో చెట్ల వైవిధ్యం, చెరువులో చేపల వైవిధ్యం కొలిచే శాస్త్రజ్ఞులు లోకమంతటా రావు సూచిక అని దీన్నే వాడుతున్నారు.

అయితే ఆ దూరం ఎవరు నిర్ణయిస్తారు? ఇక్కడ జాగ్రత్త పడాలి. మహలనోబిస్ దూరం అని మనం చదువుకునే భావన మొలకెత్తింది కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతల్లో. ఆ పత్రం 1922 నాటిది. రావుగారు కూడా 1946లో కేంబ్రిడ్జి వెళ్లింది సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన పురాతన అస్థిపంజరాల కొలతలు విశ్లేషించడానికే. మనుషుల తలలు కొలిచి ఎక్కువ తక్కువలు కట్టిన చెడ్డ కాలం ఒకటి యూరప్‌లో నడిచింది. మహలనోబిస్, రావు కొలతలను ఆ దారి పట్టించలేదు, గుంపుల మధ్య ఎడం ఎంతో చూశారు. కానీ నగరాల విషయంలో ఎముకల దూరం మనకు పనికిరాదు. భాష, మతం, చదువు, చేసే పని, వచ్చిన కారణం, ఇవి దూరాలు. ఏది వాడామో లెక్క చేసినవాళ్లు బయటికి చెప్పి తీరాలి.

ఈ కళ్లతో హ్యూస్టన్‌ను చూద్దాం. 2010 జనగణన అంకెలు పట్టుకుని రైస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, హ్యూస్టన్ మహానగర ప్రాంతం న్యూయార్క్‌ను దాటి దేశంలోనే అత్యంత వైవిధ్యమున్నదైందని 2012లో ప్రకటించారు. వాళ్లు వేసుకున్న గడులు నాలుగు: తెల్లవారు, నల్లవారు, హిస్పానిక్‌లు, ఆసియా వాళ్లు. ఆ నాలుగు వాటాలూ సమానానికి దగ్గరగా రావడంలో హ్యూస్టన్ మిగతా పెద్ద మహానగరాలకన్నా ముందుంది, అందుకే గెలిచింది. కానీ ఆసియా అనే ఒక్క గడిలో ఎవరెవరున్నారు? 1975లో సైగాన్ పడిపోయాక పడవలెక్కి వచ్చిన వియత్నాం కుటుంబాలున్నాయి. హిల్‌క్రాఫ్ట్ దగ్గర, మహాత్మా గాంధీ పేరు పెట్టిన వాడలో అంగళ్లు నడిపే గుజరాతీలు, పాకిస్తానీలు ఉన్నారు. మెడికల్ సెంటర్లో పనిచేసే తెలుగు డాక్టర్లున్నారు. నల్లవారి గడిలోనూ అంతే: తరతరాలుగా టెక్సస్‌లో ఉన్న కుటుంబాలు, చమురు చదువులకు వచ్చి స్థిరపడ్డ నైజీరియన్లు. నాలుగు గడుల కొలత ఇదంతా మింగేస్తుంది. పుట్టిన దేశాలతో, భాషలతో రావు పద్ధతిలో చేస్తే ఎవరు ముందుంటారో గడులు మార్చినప్పుడల్లా మారవచ్చు. అందుకే పత్రికల్లో వచ్చే 'అత్యంత వైవిధ్య నగరం' జాబితాలను నేను మొదటి వరుస చూసి నమ్మను. చివర చిన్న అక్షరాల్లో ఉన్న గడుల వివరం చదివాకే పేర్ల దగ్గరికి వస్తాను.

మూడో ప్రశ్న అన్నిటికన్నా కష్టమైంది: కలిసి ఉన్నారా, పక్కపక్కన ఉన్నారా? షికాగోలో 2020 లెక్కకు తెల్లవారు 31, హిస్పానిక్‌లు 30, నల్లవారు 29 శాతం చొప్పున ఉన్నారు. కాగితం మీద ఇంతకన్నా సమతూకం దొరకదు. ఊళ్లోకి పోతే దక్షిణ షికాగోలో మైళ్ల తరబడి నల్లవారే, ఉత్తరాన తెల్లవారే. 1930లలో కేంద్ర ప్రభుత్వ సంస్థలే నల్లవారి పేటలను పటాల్లో ఎర్రరంగు వేసి అప్పులకు పనికిరావని గుర్తు పెట్టాయి. ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించిన చట్టం 1968లో గానీ రాలేదు. ఊరంతటికీ తీసిన సగటు ఆ గోడలను చూపించదు. డెట్రాయిట్‌ది దీనికి తిరగేసిన కథ. విదేశీయులు నూటికి ఆరుగురే ఉన్న ఆ నగరం కడుపులో హ్యామ్‌ట్రామిక్ అనే చిన్న పట్టణం ఉంది. ఒకప్పుడు కార్ల కర్మాగారాల కోసం వచ్చిన పోలండ్ వాళ్ల ఊరు. ఇప్పుడు యెమెన్, బంగ్లాదేశ్ వాళ్లు అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2021 ఎన్నికలతో పట్టణ కౌన్సిల్ సభ్యులంతా ముస్లింలే అయ్యారు, అమెరికాలో అదే మొదటిసారి. నగరం సగటు ఒకటి చెబుతుంటే వీధి ఇంకొకటి చెబుతుంది.

వీధి అనగానే న్యూయార్క్‌లోని క్వీన్స్ గుర్తుకొస్తుంది. నగరంలో ఒక విభాగమైన ఆ బరోలో దాదాపు సగం మంది విదేశాల్లో పుట్టినవారు. అక్కడి ఫ్లషింగ్‌లో బౌన్ వీధిలో 1977లో ప్రతిష్ఠ జరిగిన గణపతి దేవస్థానం ఉంది. అమెరికాలోని తొలి సంప్రదాయ హిందూ దేవాలయాల్లో అదొకటి. దానికి నడిచిపోయేంత దూరంలోనే గురుద్వారా, కొరియా చర్చీలు, చైనా గుళ్లు, యూదుల ప్రార్థనాలయం ఉన్నాయి. ఆ వీధికి పెట్టింది జాన్ బౌన్ కుటుంబం పేరు. బౌన్ బతికిన నాడు ఆ ప్రాంతం డచ్చివాళ్ల చేతిలో ఉండేది. క్వేకర్లనే క్రైస్తవ శాఖ వాళ్లు ప్రార్థనకు కూడితే శిక్షిస్తానని గవర్నర్ స్టైవెసంట్ ఉత్తర్వు వేశాడు. క్వేకర్లు కాని ఫ్లషింగ్ గ్రామస్థులే, ఆ ఉత్తర్వు తప్పని 1657లో ఒక విన్నపం రాసి సంతకాలు పెట్టారు. కొందరు చెరసాలకు పోయారు. తర్వాత తన ఇంట్లో క్వేకర్ల ప్రార్థన జరగనిచ్చినందుకు బౌన్‌ను ఆ వలస ప్రాంతం నుంచి వెళ్లగొట్టారు. ఆయన ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి, డచ్చి కంపెనీ పెద్దలతో వాదించి గెలిచి తిరిగొచ్చాడు. సరిగ్గా ఆ ఏళ్లలోనే అదే డచ్చి దేశపు వర్తకులు మన మచిలీపట్నంలో గోల్కొండ సుల్తాను అనుమతితో కలంకారీ బట్ట కొంటున్నారు. పరాయివాడికి చోటిచ్చే పని అక్కడా ఇక్కడా ఎవరో ఒకరు రాతపూర్వకంగా చేయాల్సి వచ్చింది.

మన ఓరుగల్లు ఆ పనిని వాళ్లకన్నా నాలుగు వందల ఏళ్ల ముందే చేసింది. 1244లో కాకతీయ రాజు గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం సంగతి మీకు తెలిసిందే, అయినా ఈ కోణంలో మళ్లీ చెబుతాను. అంతకు ముందు రాజులు, గాలికి దారితప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాగేసుకునేవారు. గణపతిదేవుడు ఆ అలవాటు మాన్పించి, ముప్పైలో ఒక వంతు సుంకం తప్ప మరేదీ ముట్టబోమని రాయి మీద చెక్కించాడు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలకు ఏ లెక్కన సుంకమో విడివిడిగా రాయించాడు. ఆ తర్వాత యాభై ఏళ్లకు మార్కో పోలో రాతల్లో ఆ రేవు కనబడడం కాకతాళీయం కాదు. విదేశీయుడు వచ్చేది మనం మంచివాళ్లమని విని కాదు, ఇక్కడ తన సొమ్ముకూ ప్రాణానికీ లెక్క తెలిసిన రక్షణ ఉందని విని.

ఈ మాట మన పిల్లలకూ వర్తిస్తుంది. అమెరికాలో తెలుగు మాట్లాడేవారు 2010, 2017 మధ్య 86 శాతం పెరిగారు. ఆ దేశంలో ఎక్కువమంది మాట్లాడే విదేశీ భాషల్లో అంత వేగంగా పెరిగినది మరొకటి లేదని ఆ లెక్క తేల్చింది. 1990 చట్టంతో వచ్చిన హెచ్-1బీ వీసా, ఆ తర్వాతి వైటూకే కంప్యూటర్ పనుల గిరాకీ, మన ఇంజనీరింగ్ కాలేజీలు, ఈ మూడూ కలిసి చేసిన పని అది. డాలస్ ఉత్తరాన ఫ్రిస్కో జనాభా 2000లో 34 వేల లోపు, 2020లో 2 లక్షలు. ఆ పెరుగుదలలో మనవాళ్ల వాటా తక్కువేమీ కాదు. అక్కడ హనుమంతుడి గుడి ఉంది, తెలుగు అంగళ్లున్నాయి, బతుకమ్మకు మైదానాలు నిండుతాయి. అది చూసి నాకు సంతోషమే. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతలో ఒక తెలుగు ఇంజనీరును, పరాయి దేశంవాడన్న ద్వేషంతో కాల్చి చంపినప్పుడు మన ఊళ్లలో ఎన్ని ఇళ్లు నిద్రపోలేదో మీకు తెలుసు. గుంపుగా ఉండడంలో భద్రత ఉంది. ఆ రాత్రే, ముక్కూ మొహం తెలియని మనవాళ్ల కోసం ఒక కాన్సస్ యువకుడు హంతకుడికి ఎదురెళ్లి తూటా తిన్నాడు. అదీ ఆ ఊళ్లోనే జరిగింది.

నా బాధ ఒక్కటే. అంత లోకం గుమిగూడిన దేశానికి పోయిన పిల్లలు తెలుగు రూమ్మేట్లతో ఉండి, తెలుగు సహోద్యోగులతో తిని, తెలుగు వాట్సాప్ గుంపుల్లో మాట్లాడి, పదేళ్ల తర్వాత వియత్నాం వాళ్ల పేరు ఒకటి చెప్పమంటే తడబడుతున్నారు. పిల్లలను పంపుతున్న తల్లిదండ్రులారా, ఊరు ఎంచుకోవడానికి మనోళ్ల సంఖ్య చూడండి, తప్పులేదు. దానితో పాటు యూనివర్సిటీలో ఎన్ని దేశాల విద్యార్థులున్నారో, హాస్టల్ గదులు ఎట్లా పంచుతారో కూడా అడగండి. విదేశీయులు పదో వంతు కూడా లేని పిట్స్‌బర్గ్‌లో, రావుగారు పాఠం చెప్పిన విశ్వవిద్యాలయ భవనంలో, ఆ ఊరిని కట్టిన వలస జాతుల పేరున ముప్పైకి పైగా తరగతి గదులున్నాయి. భారతదేశపు గది నలందను పోలి ఉంటుంది. పిల్లలు అందులో రోజూ పాఠాలు వింటారు. చిన్న వాటా ఉన్న ఊరు కూడా చేయగలిగిన పని అది.

చివరిగా, వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన మన త్రినగరి సంగతి. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ, ఇప్పటి ఎన్ఐటీ, సగం సీట్లు ఇతర రాష్ట్రాలకే ఇస్తుంది. కాజీపేట జంక్షన్ రైల్వే పని ఎన్నో భాషల కుటుంబాలను తెచ్చి కాలనీలో పెట్టింది. ఫాతిమానగర్ చర్చిని ఇటలీ మిషనరీలు నిలబెట్టారు. గీసుగొండ దగ్గరి టెక్స్‌టైల్ పార్కుకు కొరియా కంపెనీ వచ్చింది. బియ్యం మిల్లుల్లో బిహార్ హమాలీలున్నారు, ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలున్నాయి. వీళ్లంతా ఎందరు, ఏ డివిజన్‌లో ఎవరు, పక్కింటివాళ్లతో వాళ్లకు మాటలున్నాయా అన్నది మన దగ్గర ఎవరూ కూర్చి చూపలేదు. కాకతీయ విశ్వవిద్యాలయ స్టాటిస్టిక్స్ విద్యార్థులు 66 డివిజన్లలో మాతృభాష, పుట్టిన జిల్లా, వచ్చిన ఏడు, చేసే పని అడిగి, రావు సూచికతో ఈ లెక్క కట్టాలని నా విన్నపం. దూరాలు ఎట్లా వేసుకున్నారో మొదటి పుటలోనే రాయండి. డివిజన్‌కు ఒకటి, నగరానికి ఒకటి, రెండు అంకెలు విడివిడిగా చూపండి. బట్టీ కుటుంబాలు వానలకు ముందే ఊరికి వెళ్లిపోతాయి కనుక సర్వే వేసవి ముగిసేలోపు జరగాలి. ప్రశ్నపత్రం తెలుగుతో పాటు ఉర్దూ, హిందీ, ఒడియాల్లో కూడా అచ్చు వేయించాలి.